శ్రీరాములు గారి కెనడా ప్రయాణం

ఆ శనివారం ఉదయం సువార్తరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కాఫీ. తొమ్మిదింటికి చొక్కాల ఇస్త్రీ. పదింటికి కంప్యూటర్ ముందు కూర్చుని విజయవాడ నుంచి తన పార్సిల్‌ని బయల్దేరదీయడం. సాయంత్రం కెనడా రేవుపట్నం హాలిఫాక్స్‌లో తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి వెళ్ళి ఆఖరి వరసలో కూర్చుని, ప్రార్థన అయ్యాక కుర్చీలు సర్ది, ఫెర్రీ ఎక్కి హార్బర్‌కి ఇవతల ఉన్న తన ఇంటికొచ్చి పడుకోవడం. నలభై ఎనిమిదేళ్ళ బ్రహ్మచారి శనివారానికి ఇంతకంటే పనేముంటుంది లెండి.

పార్సిల్ అంటే ఏదో అనుకునేరు. బొమ్మ బస్సులు! ఏలూరులో ఒక చిన్న వర్క్‌షాపు వాళ్ళు పాతకాలపు ఎర్ర బస్సుల్ని అరచేతిలో పట్టేంత చేసి, సెట్లుగా అమ్ముతున్నారు. సెట్టులో ఆరు బస్సులు, ఒక బస్టాండు, రెండు సిమెంటు బెంచీలు, ఒక టీ బంకు. ఏడాదికి రెండు వందల సెట్లే. ప్రతి బస్సుకీ వెనకాల నిచ్చెన, పైన సామాన్లు, ముందర ఊళ్ళ పేర్లతో బోర్డు. సువార్తరాజు తండ్రి పాస్టరు. రెండేళ్ళకోసారి సంఘం మారినప్పుడల్లా ఇంటిల్లిపాదీ మంచాలతో సహా ఇలాంటి బస్సే ఎక్కి ఇంకో ఊరు వెళ్ళేవాళ్ళు. ఊళ్ళు మారాయి గానీ ఆ పిల్లాడికి కిటికీ పక్క సీటు మారలేదు. అందుకని ఆ బొమ్మల ఫొటో చూడగానే అతని ప్రాణం లేచొచ్చింది.

అయితే ఆ వర్క్‌షాపు వాళ్ళు దేశం దాటి పంపరు. అలాంటి అవస్థ కోసమే ఫార్వర్డింగ్ కంపెనీలున్నాయి. విజయవాడలో వాళ్ళకో గోడౌను. చేరినవాళ్ళకి అక్కడ ఒక అడ్రసూ, లాకర్ నంబరూ ఇస్తారు. షాపు వాళ్ళు ఆ అడ్రసుకి పంపితే, వీళ్ళు దాన్ని పెట్టెలో సర్ది కెనడాకి పంపుతారు. అరవై రోజులదాకా ఊరికే దాచిపెడతారు కూడా. సువార్తరాజుది నాలుగు వందల పదిహేడో లాకరు. ఆంధ్రదేశంలో అతని పేరు మీద మిగిలిన చిరునామా అదొక్కటే.

ఆ ఉదయం గోడౌను నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "సార్, నమస్తే అండి, శ్రీరాములునండి, గోడౌన్ నుంచి. మీ పెట్టె అందిందండి. అద్దాల సామానేమో అని పైన పెట్టానండి." సువార్తరాజు దాన్ని నాలుగుసార్లు విన్నాడు. అతను పనిచేసేది ఆసుపత్రిలో సర్జరీ పరికరాలు కడిగి ఆవిరి పట్టే గదిలో. అక్కడ మనుషులకంటే యంత్రాలే ఎక్కువ మాట్లాడతాయి. ఆ వారం మొత్తంలో అతనితో తెలుగులో పలికిన మనిషి శ్రీరాములు ఒక్కడే.

పదింటికి కంప్యూటర్ తెరిస్తే కంపెనీ వెబ్‌సైటు మరమ్మతులో ఉంది, సోమవారం రమ్మంది. అక్కడితో మొదలైంది అసలు కథ.

సాయంత్రం ఫెలోషిప్. పదమూడేళ్ళ కిందట సువార్తరాజు హాలిఫాక్స్ వచ్చినప్పుడు అది నాలుగు కుటుంబాల కూడిక. ఎవరు తుమ్మినా అందరికీ తెలిసేది. ఈ రెండేళ్ళలో కాలేజీలు తలుపులు బార్లా తీశాయి, విమానాల నిండా స్టూడెంట్లు దిగారు. ఇప్పుడు చర్చి బేస్‌మెంట్లో అరవై మంది. మంచి పిల్లలే, ఎదురైతే "వందనాలు అంకుల్" అంటారు. తర్వాత వాళ్ళలో వాళ్ళు రూముల గురించీ, వర్క్ పర్మిట్ల గురించీ మాట్లాడుకుంటారు. అంతమంది మధ్య ఒంటరిగా ఉండడం ఇంట్లో ఒంటరిగా ఉండడంకంటే కష్టమని సువార్తరాజుకి ఈ మధ్యే తెలిసింది.

టీ తాగుతూ అతను ఫోన్లో బస్సుల ఫొటో చూసుకుని నవ్వుకున్నాడు. అది కృపాబాయి గారి కంట పడింది. ఆవిడ రిటైరైన నర్సు. ఫెలోషిప్‌కి తల్లీ తండ్రీ పోలీసూ అన్నీ ఆవిడే.

"ఏంటి రాజు గారూ, మీలో మీరే నవ్వుకుంటున్నారు?"

"ఏం లేదక్కగారూ. ఇండియా నుంచి ఒక వస్తువు వస్తోంది."

"ఏం వస్తువు?"

బొమ్మలని ఎలా చెబుతాడు? తల సగం నెరిసింది. "ఏదో... చిన్న వస్తువు."

కృపాబాయి ఆ ప్రశ్న వదిలేసి అసలు ప్రశ్న వేసింది. "ఎవరు తెస్తున్నారు?"

వస్తువనేది ఊరికే రాదు, ఎవరో ఒకరు వస్తూ వస్తూ పట్టుకొస్తారన్నది కెనడాలో ప్రతి తెలుగువాడి నమ్మకం. కొరియర్ అని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ కొరియర్ అంటే అంత డబ్బు పోసి ఏం తెప్పిస్తున్నావని అడుగుతుందని భయపడి, సువార్తరాజు నోటికొచ్చిన పేరు అనేశాడు. "శ్రీరాములు గారని, విజయవాడ. ఆయన ద్వారా."

"ఎన్ని కేజీలు ఖాళీ ఉంది ఆయనకి?"

"బరువుకి లిమిట్ లేదక్కగారూ" అన్నాడు సువార్తరాజు, పూర్తిగా నిజం చెబుతూ.

అరవై మంది చేతుల్లో టీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బరువుకి లిమిట్ లేని మనిషి! ఇరవై మూడు కేజీల కోసం ఎయిర్‌పోర్టులో నేలమీద సూట్‌కేసులు విప్పుకుని, ఊరగాయ జాడీకీ చలికోటుకీ మధ్య ఏడ్చిన పిల్లలు వాళ్ళు. కాకినాడ నుంచి వచ్చిన ఫేబీ ముందుగా తేరుకుంది.

"అంకుల్, నాదొక చిన్న ప్యాకెట్. అరకేజీ కూడా ఉండదు."

"నాది కూడా అంకుల్," అన్నాడు తణుకు కుర్రాడు క్రిస్టో. "మా మమ్మీ విజయవాడ వచ్చి ఇచ్చేస్తది."

"ఆయన అడ్రస్ చెప్పండి, గ్రూపులో పెడతాను," అంది కృపాబాయి.

చెప్పొద్దూ, అక్కడ ఆపేయాల్సింది. కానీ అరవై మొహాలు ఒక్కసారిగా తనవైపు తిరిగి, ప్రేమగా చూస్తుంటే ఆపడం ఎవరి తరం? అతనికి కంఠతా వచ్చిన అడ్రసు లాకర్ నంబరుతో సహా చెప్పేశాడు. లాకరంటే ఏంటని ఒకరడిగితే, ఫ్లాట్ నంబరు లాంటిదేలే అని ఇంకొకరు చెప్పారు. ఆ రాత్రి కుర్చీలు సర్దడానికి పదిమంది సాయం పట్టారు.

మర్నాటి నుంచి సువార్తరాజు ఫోను ఆగితే ఒట్టు. అంకుల్, స్టీలు డబ్బా పర్వాలేదా? అంకుల్, శ్రీరాములు గారు వెజ్జా, నాన్‌వెజ్జా? అంకుల్, ఇల్లు దొరికిందా ఆయనకి? కృపాబాయి అయితే ఆయన వయసెంత, పెళ్ళయిందా అని కూడా ఆరా తీసింది. సువార్తరాజు అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. తెలియనివి కల్పించాడు. ఫోను పెట్టేశాక నిజం చెప్పేయాలి, రేపు చెప్పేస్తాను అనుకునేవాడు. రేపు మళ్ళీ ఫోను మోగేది. ఆ మోత వినడం అతనికి అలవాటైపోయింది, అదీ అసలు జబ్బు.

పదిహేను రోజులకి శ్రీరాములే ఫోన్ చేశాడు.

"సార్, మీ లాకర్‌కి ఇరవై రెండు ప్యాకెట్లు వచ్చాయండి. చెయ్యి దూరే సందు లేదండి. పక్క లాకర్లో కూడా సర్దాను."

"అవును శ్రీరాములు గారూ, మావాళ్ళవే."

"అది సరేనండి. కొరియర్లో కాదు, అందరూ స్వయంగా వస్తున్నారండి, ఈ గోడౌను నాదే అనుకుంటున్నారు. ఒకావిడ నా చేతులు పట్టుకుని జాగ్రత్త బాబూ అన్నారండి. ఇంకొకాయన విమానంలో తినమని పులిహోర ఇచ్చారు. ఇప్పటికి మూడు స్వెట్టర్లూ, ఒక మంకీ క్యాపూ వచ్చాయండి. ఇక్కడ ముప్పై నాలుగు డిగ్రీల ఎండండి." అతని గొంతు తగ్గింది. "సార్, నేనెక్కడికి వెళ్తున్నానండీ?"

సువార్తరాజు ఆ మనిషికి మాత్రం నిజం చెప్పాడు. బస్సుల సంగతి, కృపాబాయి సంగతి, అన్నీ. అవతల శ్రీరాములు గుక్కతిప్పుకోకుండా నవ్వాడు. నవ్వయ్యాక, "పర్లేదండి సార్, నేను మేనేజ్ చేస్తాను. ఎవరైనా అడిగితే డేట్ ఇంకా రాలేదంటాను" అన్నాడు. ఇలా మోసంలో ఇద్దరయ్యారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉదయం, ఏ కొత్త ప్యాకెట్ వచ్చిందో చెప్పే నెపంతో శ్రీరాములు ఫోన్ చేసేవాడు. ప్యాకెట్ల సంగతి రెండు నిమిషాల్లో అయిపోయేది. మిగతా అరగంట మిగతా సంగతులు.

తర్వాతి చిక్కు కస్టమ్స్ కాగితం. పంపే ప్రతి ప్యాకెట్లో ఏముందో విడివిడిగా రాయాలి. సువార్తరాజు డ్యూటీకి వెళ్ళేముందు, రోజుకి ముగ్గురు నలుగురు తల్లులకి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. అక్కడ సాయంత్రం, టీల వేళ. ఒక్కొక్కరూ ప్యాకెట్ విప్పినంత నిదానంగా మాట్లాడేవారు. క్రిస్టో తల్లి సుగుణ గారైతే కందిపొడి, కారప్పొడి, మినప సున్నుండలు అని చెప్పుకుంటూ వచ్చి ఠక్కున ఆగిపోయింది.

"అడుగున ఇంకోటుందండి. అది వాడికి చెప్పకండి."

"చెప్పనమ్మా. కస్టమ్స్ వాళ్ళకి చెప్పాలి."

"వాళ్ళకీ చెప్పకండి."

"చెప్పకపోతే పెట్టె ఆపేస్తారమ్మా."

ఆవిడ అంది, "వాడి చిన్నప్పటి దుప్పటండి. అది లేకపోతే నిద్రపట్టదు వాడికి. ఇరవై మూడేళ్ళొచ్చాయి, నలుగురిలో నామోషీ కదండీ."

సువార్తరాజు 'దుప్పటి, పాతది, ఒకటి' అని రాసుకున్నాడు. ఆ పక్కనే తన వరసలో 'బస్సులు, ఆరు' అని ఉంది. ఫోను పెట్టేయబోతుంటే సుగుణ గారు, "మీరు టిఫిన్ చేశారా బాబూ?" అని అడిగింది. ఆ మాట అతన్ని అడిగి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియలేదు. చేశానమ్మా అని అబద్ధం చెప్పి, గ్యాస్ స్టవ్ ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ఈలోగా ఫెలోషిప్‌లో ఓపిక నశించింది. శ్రీరాములు గారు రారేం? ఏమై ఉంటుంది? వీసా ఆగి ఉంటుందని కృపాబాయి తేల్చింది. తేల్చాక ఊరుకునే మనిషి కాదు. రెండు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టించింది. "ప్రభువా, శ్రీరాములు గారి మార్గము సరాళము చేయుము" అని అరవై మంది మోకాళ్ళ మీద ఉంటే, మధ్యలో సువార్తరాజు కూడా మోకాళ్ళ మీదే ఉన్నాడు. అతను మాత్రం వేరే సంగతి గురించి క్షమాపణ అడుగుతున్నాడు. రెండు శుక్రవారాలూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అరవై రోజుల గడువు దగ్గరపడింది. సువార్తరాజు కొరియర్ బిల్లు చూసి ఒకసారి కూర్చుని లేచి, కట్టేసి, పంపేయమన్నాడు. జనవరి రెండో వారంలో ఐదు పెద్ద అట్టపెట్టెలు ఇంటికి దిగాయి. లిఫ్టు నిండా గోంగూర వాసన. పక్కింటి ముసలాయన తలుపు తీసి, గాలి పీల్చి, మళ్ళీ వేసుకున్నాడు.

శనివారం క్రిస్టో కారులో పెట్టెలు చర్చికి చేరాయి. హాలంతా అలంకరించి ఉంది. గోడకి "వెల్‌కమ్ శ్రీరాములు గారు" అని రంగు కాగితాలు. అతిథుల్ని శాలువా కప్పి సన్మానించడం మన సంఘాల్లో పద్ధతి కాబట్టి, కృపాబాయి గారి చేతిలో జరీ శాలువా సిద్ధంగా ఉంది.

"ఏరీ శ్రీరాములు గారు? పార్కింగులో ఉన్నారా?"

సువార్తరాజు చేతిలోని పెట్టె కింద పెట్టాడు. గోడ మీది కాగితాలకేసి చూస్తూ, "రాలేదక్కగారూ. రారు. ఆయన అక్కడ గోడౌన్‌లో పనిచేస్తారు. ఇవన్నీ కొరియర్లో వచ్చాయి" అన్నాడు. చిన్నప్పుడు వాక్యం అప్పగించినట్టు మిగతాది కూడా వరసగా అప్పగించేశాడు.

"అంటే," అంది కృపాబాయి నెమ్మదిగా, "మనం రెండు శుక్రవారాలు పస్తున్నది... గోడౌన్ కుర్రాడికి వీసా రావాలనా? అతను అప్లై కూడా చేయలేదు కదా!"

"చేయలేదక్కగారూ."

"మరి ఈ శాలువా ఎవరికి కప్పాలయ్యా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ఉష్ అన్నారు. "అంత దాచుకోవాల్సిన వస్తువేంటి అసలు?" అందావిడ. సువార్తరాజు తన పెట్టె విప్పి, ఒక బస్సు తీసి బల్ల మీద పెట్టాడు. అందరూ వంగి చూశారు. బాగుంది అంకుల్, అంది ఫేబీ. తిట్టినవాళ్ళెవరూ లేరు, అదే ఇంకా కష్టంగా ఉంది. ఎవరి ప్యాకెట్ వాళ్ళు వెతుక్కుని, కొరియర్ బిల్లులో ఎవరి వంతు వాళ్ళు ఇచ్చేసి, మంచు పడేలోగా బస్సు అందుకోవాలని వెళ్ళిపోయారు. క్రిస్టో తన ప్యాకెట్ అడుగున చెయ్యి పెట్టి తడిమి, మొహం ఎర్రబడి, ఎవరికీ చూపించకుండా సంచిలో దాచుకోవడం సువార్తరాజు ఒక్కడే చూశాడు. పావుగంటలో హాలు ఖాళీ. సువార్తరాజు అరవై కుర్చీలూ తనే సర్దాడు.

ఇంటికొచ్చి బస్టాండు అమర్చాడు. బస్సులు ఆరూ వరసలో పెట్టాడు. బెంచీలు వేశాడు, టీ బంకు పెట్టాడు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన సెట్టు, ఒక్క లోపం లేదు. సిమెంటు బెంచీల మీద మాత్రం ఎవరూ లేరు. ఆ సెట్టులో మనుషుల బొమ్మలు రావని అప్పుడు గమనించాడు. ఆ తర్వాత ఫోను మోగడం మానేసింది. ఫెలోషిప్‌లో పిల్లలు మళ్ళీ "వందనాలు అంకుల్" దగ్గరికొచ్చేశారు. మోసం చేశాడన్న కోపంతో కాదు పాపం, పనయిపోయింది అంతే. సువార్తరాజు రెండు శనివారాలు తలనొప్పని చెప్పి వెళ్ళలేదు. ఎందుకు రాలేదని అడిగినవాళ్ళు కూడా లేరు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం శ్రీరాములు ఫోన్ చేశాడు.

"సార్, మీ లాకర్ ఖాళీగా ఉందండి. ఏమీ తెప్పించట్లేదా?"

"ఏమీ లేదయ్యా. ఊరికే చేశావా?"

"ఊరికేనండి." అతను అసలు సంగతికొచ్చాడు. "సార్, ఒక సంగతండి. ముప్పై ఎనిమిది మంది వచ్చి నన్ను కెనడా ఎప్పుడు వెళ్తున్నావు బాబూ అని అడిగారు కదండీ. మొదట్లో నవ్వొచ్చిందండి. ముప్పై ఎనిమిదో ఆవిడ అడిగేసరికి, అవునూ, నేనెందుకు వెళ్ళకూడదు అనిపించిందండి. డిగ్రీ ఉంది, ముప్పై ఏళ్ళు. ఐదేళ్ళుగా ఊరందరి సామాన్లూ పంపుతున్నాను, నేను విజయవాడ దాటలేదు. మీ ఊళ్ళోనే లాజిస్టిక్స్ కోర్సుకి అప్లై చేశానండి. సీటొచ్చింది. సెప్టెంబరుకి."

సువార్తరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రూమే దొరకట్లేదండి. ఆన్‌లైన్లో చూస్తే ఒక్కో బేస్‌మెంట్లో ఎనిమిది మందట."

"నోర్ముయ్," అన్నాడు సువార్తరాజు, ఆనందంలో మాట అదుపు తప్పి. "మా హాలుంది. సోఫా ఉంది. బేస్‌మెంట్ పేరెత్తావంటే చూడు."

మే నెలలో శ్రీరాములుకి స్టడీ వీసా వచ్చింది. సువార్తరాజు ఎవరికీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? ఒకసారి శ్రీరాములు పేరుతో అరవై మందిని ఉపవాసం ఉంచినవాడు, మళ్ళీ శ్రీరాములు వస్తున్నాడంటే ఎవరు నమ్ముతారు? తనే సోఫా మీదికి కొత్త దుప్పటి కొన్నాడు. ఇంకో కప్పు కొన్నాడు. ఇంకో కంచం కొన్నాడు. ఆ కంచాన్ని రోజూ తీసి కడిగి మళ్ళీ పెట్టేవాడు, ఎవరూ తినకపోయినా.

విమానం దిగేరోజు సెలవు పెట్టి, గంట ముందే ఎయిర్‌పోర్టుకి వెళ్ళాడు. లోపలికి అడుగుపెట్టి బిగుసుకుపోయాడు. ఫెలోషిప్‌లో సగం మంది అక్కడే ఉన్నారు. ఫేబీ, క్రిస్టో, రంగు కాగితాల బోర్డు, అన్నిటికీ ముందు జరీ శాలువాతో కృపాబాయి.

"మీకెలా తెలిసిందక్కగారూ?"

"వీళ్ళ అమ్మలందరికీ శ్రీరాములు నంబరుంది కదయ్యా! ఆర్నెల్ల నుంచి ఊరందరికీ తెలుసు, మీరొక్కరే దాస్తున్నారు." ఆవిడ శాలువా సర్దుకుంది. "వీసా ఊరికే వచ్చిందనుకున్నారా? రెండు శుక్రవారాలు ఎవరి కోసం పస్తున్నాం మరి? అప్లై చేయకముందే ప్రార్థన చేస్తే ఫలితం ఇంకా గట్టిగా ఉంటుంది."

తలుపులు తెరుచుకుని శ్రీరాములు వచ్చాడు. సన్నగా, బెరుగ్గా, రెండు పెద్ద సూట్‌కేసులు తోసుకుంటూ. గొంతు వింటూ ఏడాది కావస్తోంది గానీ, మనిషిని సువార్తరాజు చూడడం అదే మొదటిసారి. "సార్" అన్నాడతను. సువార్తరాజు అతని భుజం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కృపాబాయి శాలువా కప్పింది. కప్పడం అయిందో లేదో పిల్లలు సూట్‌కేసుల చుట్టూ మూగారు.

"ఇది ఫేబీ గారిదండి. ఇది తణుకు వారిది, కిందామీదా చేయకండి," అని శ్రీరాములు గోడౌన్‌లో పంచినట్టే పేర్లు చదివి పంచాడు. ఒక్క ప్యాకెట్ పొరపాటు పడలేదు.

"ఇవన్నీ పట్టుకుని అందరూ రాజు గారింటికి పదండి," అంది కృపాబాయి. "అన్నం వండితే చాలు, మిగతాది ఇందులోనే ఉంది."

"మా ఇంట్లో కంచాలు రెండే ఉన్నాయక్కగారూ," అన్నాడు సువార్తరాజు.

"దార్లో కొందాంలే. ఎలాగూ ఇక కావాల్సినవేగా."

అందరూ కార్లవైపు కదిలారు. చలిగాలికి శ్రీరాములు శాలువా దగ్గరకి లాక్కున్నాడు. సువార్తరాజు సూట్‌కేసులు అందుకోబోయి, రెండూ గాలిలా తేలిపోతుంటే మూత తీసి చూశాడు. లోపల ఒక్క చొక్కా లేదు.

"శ్రీరాములూ, మరి నీ బట్టలేవయ్యా?"

శ్రీరాములు బట్టలు కొరియర్లో వస్తున్నాయి.